హక్కుల సంఘానికి ఫోన్ చేసే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్లో అడిగినవి, కరపత్రం పట్టుకుని వచ్చి అడిగినవి, మీటింగుల్లో వెనక వరుసలోంచి లేచి కోపంగా అడిగినవి ఇక్కడ ఒకచోట పెట్టాం. కోపంగా అడిగినవాటిని మెత్తబరచలేదు. అరెస్టు, ఎఫ్ఐఆర్‌ల గురించి చెప్పిన సెక్షన్లు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితవి. స్టేషన్లలో ఇప్పటికీ అంతకుముందున్న నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ నంబర్లు నోటి మీద నడుస్తూనే ఉన్నాయి. వాళ్లు 41ఏ అంటే ఇక్కడ 35(3) అని చదువుకోండి.

పౌరహక్కుల సంఘం అంటే ఏంటి? పార్టీయా, స్వచ్ఛంద సంస్థా?

రెండూ కాదు. ఎన్నికల్లో నిలబడం, ఫలానావాళ్లకు ఓటెయ్యమని చెప్పం. దుప్పట్లు, బియ్యం పంచం. ప్రభుత్వం తాను రాసుకున్న చట్టాన్ని తానే తప్పినప్పుడు వెళ్లి అడగడం, ఆ అడిగినదానికి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా వదలకపోవడం మా పని.

ఇదేమీ కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. బ్రిటిష్ పాలనలోనే, 1936లో, నెహ్రూ చొరవతో ఇండియన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ ఏర్పడింది. ఠాగూర్ దానికి గౌరవాధ్యక్షుడు. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వచ్చిన సంస్థ నుంచే నేటి హక్కుల సంఘాలు పీయూసీఎల్, పీయూడీఆర్ పుట్టాయి. తెలుగునాట ఈ పనికి ఊపు తెచ్చింది ఎన్‌కౌంటర్లు. ఎమర్జెన్సీ కాలపు ఎన్‌కౌంటర్ల మీద 1977లో మాజీ న్యాయమూర్తి వి.ఎం. తార్కుండే నాయకత్వంలోని కమిటీ విచారణ జరిపి, ఇవి కాల్పులు కావు, కాల్చివేతలని బయటపెట్టింది. ఆ ఒత్తిడితోనే వాటిని విచారించడానికి ప్రభుత్వం వేసిన భార్గవ కమిషన్ వచ్చింది. తార్కుండే కమిటీలో పనిచేసిన కె.జి. కన్నబిరాన్ 1978 నుంచి దాదాపు పదిహేనేళ్లకు పైగా ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. అదే సంఘానికి కె. బాలగోపాల్ 1983 నుంచి 1997 దాకా ప్రధాన కార్యదర్శి. ఊళ్లకు వెళ్లి విని, రాసి, నలుగురికీ చెప్పే పద్ధతి మా తరానికి అబ్బింది వాళ్ల నుంచే.

ఎలాంటి కేసులు తీసుకుంటారు?

ప్రభుత్వం చేసినవి, లేదా చేయాల్సి ఉండీ చేయకుండా చేతులు కట్టుకున్నవి. లాకప్‌లో కొట్టడం, ఆచూకీ చెప్పకుండా ఉంచడం, ఎన్‌కౌంటర్లు, జైల్లో చావులు, దళితుల మీద దాడి జరిగితే కేసు కట్టకపోవడం, పరిహారం తేల్చకుండానే పొలంలోకి పొక్లెయిన్లు దించడం, పోడు భూముల్లో పంట తగలబెట్టడం, సభ పెట్టుకుంటామంటే అనుమతి నిరాకరించడం. ఇలాంటివి.

అన్నదమ్ముల పంపకాలు, అప్పు వసూళ్లు, చెల్లని చెక్కులు మా దగ్గరికి తేవద్దు. అవి చిన్న విషయాలని కాదు, వాటికి వేరే దారి ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

మా వాడిని రాత్రి పోలీసులు తీసుకెళ్లారు. ఏ స్టేషన్లో అడిగినా మా దగ్గర లేడంటున్నారు. ముందు ఏం చేయాలి?

ముందు టైము రాసుకోండి. ఏడుపులో, హడావిడిలో అందరూ మర్చిపోయేది ఇదే. ఎన్ని గంటలకు వచ్చారు, ఎంతమంది, యూనిఫాంలో ఉన్నారా, బండి నంబరేంటి, ఎవరి ముందు తీసుకెళ్లారు. పక్కింటివాళ్ల గేటుకు కెమెరా ఉంటే ఆ రికార్డింగు ఆ రాత్రే అడిగి తీసుకోండి. రెండు రోజులాగితే ‘చెరిగిపోయింది’ అంటారు.

ఇదంతా ఎందుకంటే, అదుపులోకి తీసుకున్న 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం, సంహిత 58వ సెక్షన్ చెబుతున్నాయి. ప్రయాణానికి పట్టే సమయం ఒక్కటే మినహాయింపు. స్టేషన్లు ఆ గడియారాన్ని తమకు వీలైనప్పుడు మొదలుపెడతాయి. సోమవారం రాత్రి పట్టుకెళ్లిన మనిషిని గురువారం పొద్దున బస్టాండులో ‘అనుమానాస్పదంగా తిరుగుతుండగా’ పట్టుకున్నట్టు రిమాండ్ రిపోర్టులో రాస్తారు. ఆ మూడు రోజులు కాగితంలో ఉండవు. దెబ్బలు తగిలేదీ ఆ మూడు రోజుల్లోనే. కాబట్టి సోమవారం రాత్రే మీవైపు నుంచి ఒక కాగితం పుట్టాలి.

వెనకటికి జనం పోస్టాఫీసుకు పరిగెత్తి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికీ, డీజీపీకీ టెలిగ్రాం కొట్టేవాళ్లు. దాని మీద తేదీ, టైము అచ్చయి ఉండేవి, తర్వాత ఎవరూ మార్చలేకపోయేవారు. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది. ఇప్పుడు ఆ పని ఈమెయిల్ చేస్తుంది. ఎస్పీ లేదా కమిషనర్, డీజీపీ, మానవ హక్కుల కమిషన్, ముగ్గురికీ ఒకే మెయిలు. నాలుగు వాక్యాలు చాలు. ‘మావాడు మంచివాడు, ఏ పాపం ఎరగడు’ అనే భాగం తర్వాత రాసుకోవచ్చు. పొద్దున్నే అదే విషయం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

అప్పటికీ చూపించకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే మనిషిని తెచ్చి కోర్టు ముందు చూపించమని అడగడం. తల్లి వేయొచ్చు, భార్య వేయొచ్చు, స్నేహితుడైనా వేయొచ్చు. చాలాసార్లు పిటిషన్ విచారణకు వచ్చేలోపే ‘నిన్ననే అరెస్టు చేశాం, రిమాండ్‌కు పంపాం’ అని ప్రభుత్వ లాయరు చెప్పేస్తాడు, కోర్టు అక్కడితో మూసేస్తుంది. ఓడిపోయామని కొందరు కుంగిపోతారు. మనిషి ప్రాణంతో కనబడ్డాడు, ఆ పిటిషన్ అడిగిందే అది.

రిమాండ్‌కు తెచ్చే రోజు ఇంటివాళ్లు ఎవరో ఒకరు కోర్టు దగ్గర ఉండాలి. కొట్టారా అని మేజిస్ట్రేటు అడిగితే, అడగకపోయినా సరే, చెప్పమని మీవాడికి కబురు చేయండి. ఎప్పుడు తీసుకెళ్లారో కూడా చెప్పించాలి. వెనకాల నిలబడ్డ కానిస్టేబుల్‌ని చూసి చాలామంది తల అడ్డంగా ఊపుతారు. తెలిసిన ముఖం ఒకటి ఎదురుగా ఉంటే నోరు పెగులుతుంది.

అరెస్టు చేసేటప్పుడు పోలీసులు కచ్చితంగా చేయాల్సినవి ఏవి?

పేరు కనబడే బ్యాడ్జి ఉండాలి. అరెస్టు మెమో రాసి, ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో ఒకరితో సాక్షి సంతకం పెట్టించాలి. కారణం చెప్పాలి. కోరిన బంధువుకో మిత్రుడికో తెలియజేయాలి. డాక్టరు చూడాలి. విచారణ మధ్యలో లాయర్ని కలవనివ్వాలి, విచారణ పొడవునా పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం లేదు. ఆడవాళ్లను పొద్దుగూకాక, తెల్లారకముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి.

వీటిలో చాలావాటికి మూలం డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు. ఆ కేసు పుట్టింది ఒక ఉత్తరం నుంచి. పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయం చేసే ఒక సంస్థ నుంచి బసు 1986లో లాకప్ చావుల మీద పేపర్లలో వచ్చిన వార్తలు జోడించి ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాస్తే, దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. ఉత్తరాలు రాసి ఏం లాభం అని అడిగేవాళ్లకు మేం చెప్పే మొదటి ఉదాహరణ ఇదే. పదేళ్లు పట్టిందన్నది కూడా దాచం.

‘ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్లండి’ అని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లాలా?

నోటీసు అడగండి. నిందితుడిగా పిలిస్తే 35(3) కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తేల్చింది. సాక్షిగా అయితే 179 కింద. ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 దాటినవాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. నోటీసు వస్తే మాత్రం ఎగ్గొట్టకండి. దానికి హాజరవుతున్నంతకాలం మామూలుగా అరెస్టు చేయరాదు. ఎగ్గొడితే అరెస్టుకు కారణం మీరే రాసిచ్చినట్టు. వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లొద్దు.

ఎస్ఐ ఫిర్యాదు తీసుకోవట్లేదు. ‘రెండువైపులా పిలిచి మాట్లాడతా’ అంటున్నాడు.

తెలుగు స్టేషన్లలో చట్టం కన్నా ఎక్కువగా చలామణీ అయ్యేది ఈ వాక్యమే. పిలుస్తారు, కూర్చోబెడతారు, బలమున్నవాడికి కుర్చీ వేస్తారు, దెబ్బలు తిన్నవాడిని నిలబెడతారు, చివరికి తెల్లకాగితం మీద ‘మాలో మేము రాజీపడ్డాం’ అని సంతకం. ఆ కాగితానికి చట్టంలో ఏ విలువా లేకపోయినా, రేపు మీరు కోర్టుకు వెళ్తే అడ్డంగా తెచ్చి పెట్టేది దాన్నే. ఇష్టం లేకపోతే సంతకం పెట్టకండి.

తీవ్రమైన నేరం జరిగిందని ఫిర్యాదులో కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో 2013లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కొత్త సంహితలో మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకు, డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ అనే సందు పెట్టారు. మా ఉద్దేశంలో అది బలవంతుడికి ఇచ్చిన రెండు వారాల గడువు. సంఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. కట్టాక కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఇక అసలు చిక్కు రసీదు దగ్గర వస్తుంది. రైటరు మీ కాగితం చదివి, మడిచి, ఫైలు కింద దూర్చి ‘సార్ వచ్చాక చూస్తారు, మీరు వెళ్లండి’ అంటాడు. వెళ్లిపోయారో, ఆ కాగితం లేనట్టే. రెండో కాపీ మీద స్టాంపు, తేదీ, సంతకం అడగండి. ఇవ్వనంటే అక్కడ గొడవపడకుండా బయటికొచ్చి, అదే ఫిర్యాదును 173(4) కింద ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్ జతచేసి మేజిస్ట్రేటు దగ్గరికి. మేజిస్ట్రేటు మొదట అడిగేది ఎస్పీకి పంపిన రుజువే.

ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం కిందకొచ్చే విషయమైతే ప్రాథమిక విచారణ అవసరమే లేదని 2018 సవరణ చెబుతోంది. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. కావాలని విధి తప్పిన అధికారిని 4వ సెక్షన్ కింద శిక్షించవచ్చు. ఈ సెక్షన్ పేరు ఫిర్యాదులో ఒక్క లైను రాస్తే కాగితం కదిలే వేగం మారడం చూశాం. ఎదుటివాళ్లు ఆ రాత్రే మీ మీద కౌంటర్ కేసు పెడతారని ముందే అనుకోండి.

నిజనిర్ధారణకు వెళ్లి అసలు ఏం చేస్తారు?

వింటాం. చెప్పినంత తేలిక కాదు ఆ పని.

బృందం ఊళ్లోకి దిగగానే ముందు మాట్లాడేది ఎప్పుడూ మాటకారి మనిషే. చొక్కా జేబులో పెన్ను, చేతిలో ఫైలు. సంఘటన చూసింది మాత్రం ఆ గుంపు వెనక చంటిపిల్లని ఎత్తుకుని నిలబడ్డ మనిషి కావచ్చు. అందుకని ముందు పెద్దమనిషి చెప్పింది మర్యాదగా విని, తర్వాత జట్లుగా విడిపోతాం. ఆడవాళ్లతో ఆడవాళ్లే, మగాళ్లు వినబడనంత దూరంలో కూర్చుని మాట్లాడతారు. ఒకరు అడిగితే ఒకరు రాస్తారు. అడిగేవాళ్లే రాస్తుంటే తల వంచుకునే ఉంటారు, ఎదుటి ముఖం చూడరు. ‘అప్పుడు వాళ్లు కొట్టారు కదా?’ అని అడగం. ‘తర్వాత ఏమైంది?’ అంటాం. అందరూ ఒకే మాట, అవే పదాల్లో చెబుతుంటే అనుమానిస్తాం. నలుగురు చూసిన దాంట్లో చిన్న తేడాలు ఉండటమే సహజం.

చోటు చూస్తాం. కాల్పులంటే గుళ్లు చెట్లకు ఎటువైపు తగిలాయి, మనిషి పడిన చోటికి రోడ్డు ఎంత దూరం, ఆ దూరం నుంచి చీకట్లో ముఖం ఆనవాలు పట్టగలరా. రెండువైపులా కాల్పులన్నారు, ఒకవైపే గాయాలున్నాయి. ఇలాంటి వాటికి నిపుణులక్కర్లేదు, నడిచి చూస్తే చాలు. తర్వాత ఎఫ్ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు పక్కపక్కన పెట్టి చదువుతాం. పంచనామాలో లేని గాయం పోస్టుమార్టంలో కనబడితే అక్కడ ఆగుతాం. కస్టడీ చావు అయితే మేజిస్ట్రేటు విచారణ జరగాలి, 196వ సెక్షన్. పోస్టుమార్టాన్ని వీడియో తీయాలి. జరిగాయా లేదా అని అడుగుతాం.

ఎదుటివైపు వాళ్లనూ కలుస్తాం. దాడి చేశారని పేరుపడ్డవాళ్ల ఇంటికి వెళ్తాం, ఎస్ఐని, డీఎస్పీని, డాక్టర్నీ కలుస్తాం. దీనికి బాధితుల వైపు కొందరు నొచ్చుకుంటారు. వాళ్ల మాట లేకుండా రాస్తే రిపోర్టును తీసిపారేయడానికి మొదటి కారణం మేమే ఇచ్చినవాళ్లమవుతాం. కలవడానికి నిరాకరిస్తే ఆ సంగతీ రాస్తాం.

తేలనిది తేలలేదనే రాస్తాం. లైంగిక దాడి బాధితుల పేరు, ఊరు, ఫొటో, గుర్తుపట్టే ఏ వివరమూ ఉండదు. మీరూ ఫేస్‌బుక్‌లో పెట్టకండి, అది నేరం.

మీరెప్పుడూ నేరస్తుల వైపే ఎందుకు? ఆడపిల్లను చంపినవాళ్లకు హక్కులేంటి?

2019 డిసెంబరు 6 పొద్దున ఇదే ప్రశ్న రాష్ట్రమంతా అడిగింది. దిశ కేసులో నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ సాయంత్రమే హక్కుల కార్యకర్తలు కొందరు హైకోర్టును ఆశ్రయించారు. శవాలను భద్రపరచమని కోర్టు ఆదేశించింది, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి రెండోసారి పోస్టుమార్టం చేశారు. ఆ అడిగినవాళ్లను అప్పుడు తిట్టని నోరు లేదు.

సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పిందో ఆ పూలు చల్లినవాళ్లలో ఎంతమంది చదివారో మరి. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. అంతకన్నా మాకు ముల్లులా గుచ్చుకునేది ఇంకొకటి: ఆ అమ్మాయిని చంపింది ఎవరన్నది ఏ కోర్టూ సాక్ష్యం విని తేల్చలేదు, ఇక తేల్చే వీలూ లేదు. ఆ విచారణ ఆమెకు రావాల్సింది. తూటా దాన్నీ మింగేసింది.

మేం నేరాన్ని వెనకేసుకు రావడం లేదు. శిక్ష వేసే అధికారం పట్టుకొచ్చినవాడి చేతికి ఇవ్వొద్దంటున్నాం. ఇవాళ మీకు నచ్చనివాడి మీద ఆ అధికారం వాడితే చప్పట్లు కొడితే, రేపు మీ తమ్ముడి పేరు పొరపాటున ఆ జాబితాలో ఎక్కినప్పుడు ‘ముందు విచారించండి’ అనడానికి మీ దగ్గర మాట మిగలదు. ఎన్‌కౌంటర్ చావు ప్రతిదానికీ ఎఫ్ఐఆర్ కట్టాలని, వేరే స్టేషనో సీఐడీయో దర్యాప్తు చేయాలని 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు పదహారు మార్గదర్శకాలిచ్చింది. అవి అమలు చేయమని అడగడాన్ని నేరస్తుల పక్షం అనుకుంటే, అనుకోనివ్వండి.

నక్సలైట్లు చంపినప్పుడు మాత్రం ఎందుకు నోరు మెదపరు?

ఈ ప్రశ్న బయటివాళ్లది మాత్రమే కాదు, హక్కుల ఉద్యమం లోపల ఏళ్ల తరబడి నలిగింది. రాజ్యం చేసే హింసకు చట్టం రక్షణ ఉంది, దాన్ని అడగడమే మా ప్రత్యేక బాధ్యత అన్నది ఒక వాదన. ఉద్యమాల హింసనూ విడిగా, నిర్మొహమాటంగా ప్రశ్నించాలన్నది ఇంకో వాదన. రెండోది వినిపించిన బాలగోపాల్, ఆయనతో ఏకీభవించినవాళ్లు బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. మేం రెండో వాదన వైపే ఉన్నాం. ఇన్ఫార్మర్ అని ముద్రవేసి పేద గిరిజనుణ్ని చంపితే ఖండిస్తాం. అలాగని రెండింటికీ ఒకే కొలత అనలేం. చంపిన నక్సలైటు మీద కేసుంటుంది, తలకు వెల కూడా ఉంటుంది. ఎన్‌కౌంటర్ చేసినవాడికి పతకం వస్తుంది.

మానవ హక్కుల కమిషన్‌కు రాస్తే పనవుతుందా?

రాయండి, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి. 1993 చట్టం కింద ఏర్పడిన కమిషన్లు సిఫారసు చేయగలవు, ఆదేశించలేవు. పరిహారం సిఫారసులు కొన్ని అమలవుతాయి. అధికారి మీద చర్య అన్న చోట ఫైలు నెమ్మదిస్తుంది. ఫీజు లేదు, లాయరక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు. సంఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి. జాతీయ కమిషన్‌కూ రాష్ట్ర కమిషన్‌కూ ఒకేసారి పంపి ఊరుకోవద్దు. రాష్ట్ర కమిషన్ దగ్గర నడుస్తున్నదాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోదు.

స్టేషన్లో సీసీ కెమెరాలున్నాయి కదా, ఆ ఫుటేజీ ఇస్తారా?

ఉండాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ‘ఆ రోజు పనిచేయలేదు’. వెంటనే సమాచార హక్కు కింద అడగండి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన విషయమైతే 48 గంటల్లో జవాబివ్వాలి, ఆ సంగతి దరఖాస్తు పైనే రాయాలి. పనిచేయలేదన్న జవాబు కూడా కాగితం మీద వస్తే కోర్టులో పనికొస్తుంది.

పీడీ యాక్ట్ పెట్టారు. బెయిలు వచ్చినా వదలట్లేదు.

1986 నాటి ఈ ముందస్తు నిర్బంధ చట్టం కింద విచారణ లేకుండా ఏడాది దాకా జైల్లో ఉంచొచ్చు. బెయిలు వచ్చే సమయానికి పీడీ ఆర్డరు తగిలించడం మామూలు ఎత్తు. కారణాలు ఐదు రోజుల్లో, అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఇంగ్లిషులో ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటే ఆ ఒక్క కారణంతోనే కొట్టేయించవచ్చు. తెలంగాణలో ఈ చట్టాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023లో గట్టిగానే మందలించింది. లాయర్ని వెంటనే కలవండి, ఇక్కడ ఆలస్యమైన ప్రతి వారం జైల్లో గడిచే వారమే.

ఎంతకాలం పడుతుంది? గెలుస్తామా?

అబద్ధం చెప్పం. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను వెంటాడి నరికి చంపారు. విచారణ ఆ ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టి సాధించుకున్నారు, ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. విశాఖ మన్యంలో వాకపల్లి ఆదివాసీ మహిళలు 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేస్తూనే, దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుబట్టి ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. అన్నేళ్లూ ఆ ఆడవాళ్లు మాట మార్చలేదు. కొండ దిగి కోర్టుకు వచ్చి, తమ భాష రాని మనుషుల ముందు, అదే మాట చెప్పారు.

కొన్ని త్వరగానూ తేలతాయి. మనిషి ఇంటికొస్తాడు, సస్పెన్షన్ పడుతుంది, పట్టా చేతికొస్తుంది. కానీ మొదటి రోజే ‘గెలిపిస్తాం’ అనేవాళ్ల దగ్గర జాగ్రత్త.

డబ్బులు ఎవరిస్తారు? మేం ఎంత ఇవ్వాలి?

ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇచ్చినా బాధితుల దగ్గర తీసుకోం. సభ్యత్వ రుసుము, మిత్రుల చందాలు, అంతే. ప్రభుత్వ నిధులు, విదేశీ నిధులు, కంపెనీల విరాళాలు వద్దని మొదట్లోనే తీర్మానించుకున్నాం, అందుకే మాకు ఏసీ గదులూ లేవు, జీతాల మీద మనుషులూ లేరు. నిజనిర్ధారణకు ఎవరి బస్ చార్జీ వాళ్లదే. మా పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే మాకు చెప్పండి, తర్వాత పోలీసులకూ చెప్పండి.

చేరితే నా మీద కేసులు పడతాయా?

పడొచ్చు. 1985 సెప్టెంబరులో వరంగల్‌లో డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. 2000లో అదే సంఘంలో పనిచేసిన పురుషోత్తంను హైదరాబాదులో నడిరోడ్డు మీద నరికేశారు. ఆ కాలం ఇప్పుడు లేదు. ఇప్పుడు ఎక్కువగా ఎదురయ్యేది ముందస్తు అరెస్టు. ధర్నా ఉందంటే పొద్దున ఐదింటికి గుమ్మం ముందు ఇద్దరు కానిస్టేబుళ్లు కుర్చీలడిగి కూర్చుంటారు. ఏ సెక్షన్, ఏ ఆర్డరు అని అడిగితే ‘పైనుంచి చెప్పారు సార్’ అంటారు పాపం. చట్టంలో గృహనిర్బంధం అనే మాటే అలా లేదు. ఉన్నది 170 కింద ముందస్తు అరెస్టు, అదీ 24 గంటలే.

ముందుకు రావడానికి జంకేవాళ్లకు కూడా పని ఉంది. దరఖాస్తులు రాయడం, ఇంగ్లిషు ఆర్డర్లను తెలుగులో చెప్పడం, కోర్టు తేదీలు గుర్తుచేయడం. నిజానికి మాకు కొరత వక్తలకు కాదు, వీటికే.

మేం రాజీపడిపోదాం అనుకుంటున్నాం. మీరు కోప్పడతారా?

లేదు. ఊళ్లో బతకాల్సింది మీరు. పాలు పోసేది, కూలికి పిలిచేది ఆ ఎదుటివాళ్లే అయినప్పుడు ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో మాకు తెలియనిది కాదు. ముందు చెప్పండి, అంతే. హత్య, అత్యాచారం, అట్రాసిటీ కేసుల్లో రాజీకి చట్టం ఒప్పుకోదు. అక్కడ ‘రాజీ’ అంటే కోర్టులో మీచేత మాట మార్పించడం, దాంతో మీమీదే అబద్ధపు సాక్ష్యం కేసు రావొచ్చు. బెదిరింపు వల్లే తగ్గుతున్నారంటే, అట్రాసిటీ చట్టం 15ఏ కింద సాక్షులకు రక్షణ అడిగే వీలుంది. అది ప్రయత్నించి చూశాక నిర్ణయించుకోండి.

వచ్చేటప్పుడు ఏం తీసుకురావాలి?

ఉన్న కాగితాలన్నీ, జిరాక్సులు. ఒరిజినల్స్ మాకు ఇవ్వకండి, లాయరుకు కూడా రసీదు లేకుండా ఇవ్వకండి. ఆస్పత్రి ఓపీ చీటీ, మందుల బిల్లు, గాయాల ఫొటోలు, పోస్టల్ రసీదులు. ఫోన్లో వీడియో ఉంటే వాట్సాప్‌లో పంపకుండా ఆ ఫోనే తెండి, తీసిన ఫైలు అందులో చెరగకుండా ఉండాలి. చదవడం రాకపోతే ఏం జరిగిందో నోటితో చెప్పండి, మేం రాసి చదివి వినిపిస్తాం, మీరు ఔనన్నాకే వేలిముద్ర. తోడుగా సంఘటన చూసిన మనిషి వస్తే మంచిది. రాలేనంటే బలవంతపెట్టకండి, మేమే వస్తాం.